వంకర కోతకు అరవై ఒక్క సంజాయిషీలు

మా బావ గడ్డి కోస్తాడు, నేను కోతలు కోస్తాను. ఇద్దరికీ జీతమిచ్చేది ఒకే ఆఫీసు, నగరపాలక సంస్థ తోటల విభాగం. ఆయన కోసిన గడ్డి రెండు వారాల్లో మళ్లీ మొలుస్తుంది. నా కోతలు కాంటీన్ గడప దాటగానే వాడిపోతాయి.

బావ అంటే మా అక్క మొగుడు. మనిషి ఆరడుగులు, మాట ఆరంగుళాలు. పొద్దున్నే షెడ్డులోంచి గడ్డి మిషన్ బయటికి తీస్తాడు. చిన్న ట్రాక్టరంత ఉంటుందది. పైన సీటు, కింద మూడు బ్లేడ్లు. దాని మీదెక్కి నగరం తూర్పు చివరనున్న పెద్ద పచ్చికకి బయలుదేరుతాడు. నలభై ఎకరాల గడ్డినేల. ఒకవైపు ఆఖరి బస్టాపు, ఒకవైపు దారం మిల్లు గోడ, ఒకవైపు ఆస్పత్రి వెనక గేటు, నాలుగోవైపు వాగు. ఎప్పుడో ఒక పాత కుటుంబం వాళ్లు జనం తిరగడానికి దాన్ని వదిలేసి, బాగోగులు నగరానికి అప్పగించారు. నగరం మ్యాపులో దానికి ఆకుపచ్చ రంగు పూసి, కట్టడాలు కూడవని రాసి పెట్టారు. పదిహేడేళ్లుగా ఆ నేల మీద ఉన్న మిషన్ బావదే.

అంత పనిమంతుడికీ ఒక్క జబ్బుంది. తిన్నగా కొయ్యలేడు.

లేడనే అందరం అనుకున్నాం. కొయ్యడని తెలియడానికి పదిహేడేళ్లు పట్టింది.

మా ఆఫీసు మూడో అంతస్తు కిటికీలోంచి పెద్ద పచ్చిక మొత్తం కనిపిస్తుంది. ఆ కిటికీ పక్కనే మా సూపరింటెండెంటు గారి బల్ల. ఆయన జేబులో పెన్ను మర్చిపోతే మర్చిపోతారు గానీ స్కేలు మర్చిపోరు. అందుకే స్కేలు సారు అని పేరు. పచ్చిక కోస్తే దువ్వెన పెట్టి పాపిడి తీసినట్టు గీతలు గీతలుగా ఉండాలని ఆయన కోరిక. బావ కోసిందేమో అప్పుడే నిద్ర లేచిన పిల్లాడి తలలా ఉండేది. ఒకచోట గుండ్రంగా వదిలేసిన పొడుగు గడ్డి, ఒకచోట నున్నగా గొరిగిన చదరం, మధ్యలో మెలికలు తిరిగిన దారి.

"టైపు చెయ్యవయ్యా," అనేవారు స్కేలు సారు, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "మెమో!"

"మేమా?" అనేవాణ్ణి నేను.

"మీ బావ!"

మెమో కాగితం కింది సగంలో సంజాయిషీకి మూడు గళ్లుంటాయి: తేదీ, చోటు, కారణం. మిగతా కోతగాళ్లందరూ మూడు గళ్లకీ అడ్డంగా ఒకే ముక్క గీకి పారేసేవాళ్లు: "ఇకముందు జరగదు, క్షమించగలరు." ఆ ముక్కతో వాళ్లకి విముక్తి. బావ అలా కాదు. ఇంట్లో అక్క పదిసార్లు అడిగితే ఒకసారి ఊఁ అనే మనిషి, మెమో చేతికిస్తే మాత్రం పరీక్ష రాసినంత శ్రద్ధగా రాసేవాడు.

"చోటు: బస్టాపు నుంచి నూట పది అంగలు. కారణం: నేల మీద గూడు కట్టే పిట్ట. మూడు గుడ్లు. నన్ను చూసి పిట్ట లేవలేదు. నేనే పక్కకి తిరిగాను."

"చోటు: మిల్లు గోడ పక్కన. కారణం: మధ్యాహ్నం గంట కొట్టాక మిల్లు ఆడవాళ్లు ఇరవై మందికి పైగా ఇక్కడ నడుం వాలుస్తారు. గుచ్చుకోకుండా బాగా పొట్టిగా కోశాను. ఒకావిడ నీడ కోసం గొడుగు పాతింది. గొడుగు చుట్టూ తిరిగాను."

"చోటు: వాగు వైపు. కారణం: ఆస్పత్రిలో కాలు విరిగినవాళ్లు కర్ర పట్టుకుని నడక నేర్చుకోవడానికి వస్తారు. వాళ్లు తిన్నగా నడవలేరు. వాళ్లు నడిచిన చోటే దారి కోశాను. వంకర నాది కాదు."

ఇలాంటివి నా చేతిలో పడితే ఊరుకుంటానా? మధ్యాహ్నం కాంటీన్లో కుర్చీ ఎక్కి, గొంతు సవరించి, "ఈ వారం గడ్డి వార్తలు!" అని మొదలుపెట్టేవాణ్ణి. నాది మైకుని కూడా మూల కూర్చోబెట్టే గొంతు. పిట్టకి పిట్ట గొంతు, గొడుగావిడకి గొడుగావిడ గొంతు పెట్టి చదువుతుంటే లెక్కల సెక్షన్ వాళ్లు లెక్క లేకుండా నవ్వేవాళ్లు.

ఐదేళ్లు దాటిన మెమోలు చింపెయ్యాలని రూలు. అందరివీ చింపాను, బావవి చింపలేదు. కొత్తగా చేరినవాళ్లకి వినిపించడానికి పనికొస్తాయని నా బల్ల అడుగు సొరుగులో దాచాను. అభిమానం కొద్దీ దాచానని ఇప్పుడు చెప్పుకుంటే పచ్చి అబద్ధం. పచ్చిక విషయంలో పచ్చి అబద్ధం మరీ పాపం.

ఇలా ఉండగా ఆ పాత కుటుంబం వారసులు నేలని ఒక ఇళ్ల కంపెనీకి అమ్మేశారు. కంపెనీ వాళ్లు రెండొందల విల్లాలు కడతామన్నారు. విల్లాలు వాళ్లకి, విలవిల మనకి. ప్లాట్లు వాళ్లకి, పాట్లు మనకి. ఆకుపచ్చ రంగు అడ్డం కదా అంటే, దానికో రూలు వెతికి పట్టుకొచ్చారు. వరుసగా పదిహేనేళ్లు జనం వాడకంలో లేకపోతే ఆ రంగు తుడిచెయ్యచ్చు. వాడకం ఉంది మొర్రో అనేవాళ్లు, ఆ పదిహేనేళ్లలో ఎప్పటికప్పుడు రాసి పెట్టిన కాగితం చూపించాలి.

మొదటి విచారణకి చుట్టుపక్కల జనం తొమ్మిది వందల సంతకాలు మోసుకొచ్చారు. కంపెనీ వకీలు వాటిని వేలితో ఇలా తిప్పి అలా వదిలేశాడు.

"ఇవన్నీ మొన్నటి సిరా అండీ. పదిహేనేళ్ల నాటి కాగితం ఒక్కటి చూపించమనండి, నేనే లేచి వెళ్లిపోతాను."

ఫోటోలు చూపిద్దామంటే, జనం ఫోన్లు నాలుగేళ్లకొకటి చస్తాయి, వాటితోపాటు ఫోటోలూ సహగమనం చేస్తాయి. విచారణ జరిపే అధికారి ఒక పెద్దావిడ. కళ్లజోడు ముక్కు చివరన, మనసు రూలు బుక్కు మధ్యన. "నాకూ ఆ సంతకాలు నమ్మాలనే ఉంది," అంది. "రూలు ఒప్పుకోదు. వచ్చే గురువారం ఆఖరి విడత. కాగితం ఉంటే తీసుకురండి."

వెనక బెంచీలో టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్న బావ, ఇంటికొచ్చే దారి పొడుగునా ఒక్కటే మాటన్నాడు.

"పిట్టలు వచ్చే నెల దిగుతాయి."

ఆ సాయంత్రం బ్లేడ్లు మూడూ విప్పి పదును పెట్టాడు. ముందురోజు పదును పెట్టినవే. పచ్చిక పోయినా ఆయన ఉద్యోగం పోదు. పెద్ద రోడ్డు మధ్య డివైడర్ మీద గడ్డి కోయమంటారు. మూడు కిలోమీటర్లు, అడుగున్నర వెడల్పు, గీత గీసినట్టు తిన్నగా ఉంటుందది. మా బావకి అంతకన్నా పెద్ద జైలు లేదు.

బావమరిది బతకగోరతాడని సామెత ఉంది కదా, ఆ సామెత పరువు కాపాడదామని మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఆయనది గడ్డి మిషన్, అక్కది కుట్టు మిషన్. ఒకరు పొడుగు చూసి కోస్తారు, ఒకరు కొలత చూసి కుడతారు. అక్క ముందు గదిలో ఎవరిదో జాకెట్టు చేతులు కుడుతోంది. బావ గుమ్మంలో కూర్చుని గేటు వైపు చూస్తున్నాడు.

"వచ్చావా?" అంది అక్క, తల ఎత్తకుండా. "రోజంతా కాయితాల మధ్య దొర్లుతావు కదరా. పనికొచ్చేది ఒక్కటి దొరకలేదా?"

"మా ఆఫీసులో కాయితాలు గడ్డిలా మొలుస్తాయక్కా, కానీ మేసేవాళ్లు కూడా..."

"నీ నోట్లో గడ్డి పెట్ట! ఇప్పుడు కూడానా?"

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. గడ్డి. మెమో. మెమో కింది సగం. తేదీ, చోటు, కారణం. ఎప్పటికప్పుడు రాసిన కాగితం!

"బావా," అన్నాను. "నీ సంజాయిషీలు నా దగ్గరున్నాయి. అరవై ఒకటి. ఒక్కటీ చింపలేదు."

బావ నా వైపు తిరిగాడు. ఎందుకు చింపలేదో చెప్పకుండా ఆ కాగితాలు బయట పెడితే, ఆయన నమ్మకం మీద ఇంకోసారి కుర్చీ ఎక్కినట్టే.

"ఎందుకు దాచానంటే... కాంటీన్లో..."

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"కాంటీన్ కిటికీ కింద పంపుంది కదా. బ్లేడ్లు అక్కడే కడుగుతాను."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ."

"వింటూ ఊరుకున్నావా బావా? ఒక్కసారైనా పైకొచ్చి నా చెంప పగలగొట్టకపోయావా?"

"బాగా చదువుతావు," అన్నాడు బావ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. "నేను రాస్తే కాయితానికే తెలుస్తుంది. నువ్వు చదివాక లెక్కల సెక్షన్ వాళ్లు పచ్చికకొచ్చి పిట్టగూడు ఎక్కడని అడిగారు. మూడుసార్లు."

అక్క మిషన్ ఆగింది.

"అందులో ఉత్తరం మూలది కూడా చదివావురా?"

గుర్తుంది. బాగా గుర్తుంది. "చోటు: ఉత్తరం మూల. కారణం: ఒకామె రోజూ సాయంత్రం వచ్చి ఏడుస్తోంది. మిషన్ చప్పుడు వినపడకూడదని ఆపేశాను. పది రోజులు ఆ మూల కోయలేదు." దానికి కాంటీన్లో నేను ముక్కు చీదే చప్పుడు కూడా కలిపాను. జనం బల్లలు చరిచి నవ్వారు.

"అది నేనేరా," అంది అక్క. "అమ్మ పోయిన నెల. ఇంట్లో ఏడిస్తే పిల్లలు బెదురుతారని అక్కడికెళ్లేదాన్ని. ఈయన అంత దూరంలో మిషన్ ఆపుకుని కూర్చునేవాడు. దగ్గరికి రాలేదు, ఏంటని అడగలేదు. చీకటి పడ్డాక వెనకాలే ఇంటికొచ్చేవాడు. నాకు కావలసింది అదే."

అమ్మ నాకూ అమ్మే. ఆ నెలంతా కాంటీన్లో నేను గొంతు ఇంకాస్త పెంచాను, అంతే. ఎవరి మిషన్ వాళ్లది.

"ఆ ఒక్కటీ తీసేస్తానక్కా."

"తియ్యకు," అంది. "అది కూడా చదువు. ముక్కు చీదకుండా చదువు."

గురువారం హాలు కిటకిటలాడింది. మిల్లు ఆడవాళ్లు మధ్యాహ్నం షిఫ్టు వదులుకుని వచ్చారు. కర్రలు పట్టుకుని ఆస్పత్రి వాళ్లు నలుగురు వచ్చారు. కంపెనీ వకీలు గోడ మీద తెర దించి, ఆకాశం నుంచి తీయించిన ఫోటోలు వరసగా చూపించాడు. ఏడాదికొకటి చొప్పున పదిహేను.

"చూడండి. పదిహేనేళ్లలో ఒక్క మనిషి లేడు."

"తెల్లారుజామున తీస్తే ఎవరుంటారయ్యా? మేం మంచం మీదుంటాం!" అంది గొడుగావిడ. పదమూడేళ్ల నాటి గొడుగు ఇప్పటికీ చంకలో ఉంది.

"పైగా ఆ కోత చూడండి," అన్నాడు వకీలు, పట్టించుకోకుండా. "గుండ్రాలేమిటి, మెలికలేమిటి? జనం సంగతి సరే, కోసేవాడికే ఆ నేల మీద శ్రద్ధ లేదు."

వెనక బెంచీలో బావ టోపీ నలుపుతున్నాడు. నేను కట్ట పట్టుకుని లేచాను.

"మీరెవరు?" అంది అధికారి.

"మెమోలు టైపు చేసేవాణ్ణండి. ఆ తెర మీదున్న ఫోటో తేదీ కాస్త చెప్పమనండి."

వకీలు చెప్పాడు. నేను కట్టలోంచి అదే వారం కాగితం తీశాను. బస్టాపు నుంచి నూట పది అంగలు, మూడు గుడ్లు. అధికారి లేచి తెర దగ్గరికి వెళ్లింది. బస్టాపు మీద వేలు పెట్టి, అక్కణ్ణించి జరిపి, గుండ్రంగా వదిలేసిన గడ్డి దగ్గర ఆగింది.

"ఇదా?"

"అదేనండి. అంత ఎత్తునుంచి పిట్ట కనపడదు. మా బావ మర్యాద కనపడుతుంది."

తర్వాతి ఫోటో. మిల్లు గోడ పక్క చదరం. కాగితంలో ఇరవై మంది ఆడవాళ్లు, ఒక గొడుగు. చదరం మధ్యలో చుక్కంత పొడుగు గడ్డి. గొడుగు పాతిన చోటు! గొడుగావిడ లేచి నిలబడి గొడుగు ఎత్తి చూపించింది. తర్వాతి ఫోటో. వాగు వైపు మెలికల దారి. "వంకర నాది కాదు" అని చదివేసరికి కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన "నాది!" అని అరిచాడు. కాంటీన్లో నేను నవ్వించినప్పుడు ఎన్నడూ వినని నవ్వు అది. నవ్వుతున్నవాళ్లంతా ఆ కాగితాల్లో ఉన్నవాళ్లే.

తర్వాత ఉత్తరం మూల. చదవడం మొదలుపెట్టాను. మైకుని మూల కూర్చోబెట్టే గొంతు తానే మూల కూర్చుంది.

"గట్టిగా చదవరా!" అంది వెనకనుంచి మా అక్క.

పుట్టి బుద్ధెరిగాక నన్ను గట్టిగా మాట్లాడమన్నవాళ్లు లేరు. గట్టిగానే చదివాను. తెర మీద ఉత్తరం మూలలో, పది రోజులు కత్తి తగలని గడ్డి, చీర కొంగంత ముక్క, ముదురాకుపచ్చగా కనిపిస్తోంది.

వకీలు తేరుకున్నాడు. "రాసింది బావ, దాచింది బావమరిది! ఇవి మొన్న రాత్రి కూర్చుని రాసుకోలేదని ఏమిటి నమ్మకం?"

అప్పుడు లేచారు స్కేలు సారు. ఆయన వస్తారని నాకే తెలియదు. చంకలో ఉత్తరాల నమోదు పుస్తకాలు మూడున్నాయి.

"ప్రతి మెమోకీ నంబరుంది, తేదీ ముద్ర ఉంది, నా సంతకం ఉంది. పుస్తకంతో సరిచూసుకోండి," అన్నారు. "కొలవకుండా నేను మెమో ఇవ్వనండి. ప్రతిసారీ స్వయంగా వెళ్లాను. గుండ్రం ఎన్నడుగులు, చదరం ఎన్నడుగులు, అన్నీ రాసుకున్నాను."

"మీరు వెళ్లినప్పుడల్లా అక్కడ జనం ఉన్నారా?" అంది అధికారి.

స్కేలు సారు మొహం చిట్లించారు. పదిహేడేళ్ల బాధ ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"అదే కదండీ నా ఏడుపు! అరవై ఒక్కసార్లు వెళ్లాను, ఒక్కసారి ఖాళీగా దొరికితే ఒట్టు. ఎక్కడ చూసినా మనుషులే! తిన్నగా కోయించేదెలాగ?"

హాలు ఘొల్లుమంది. వకీలు నెమ్మదిగా కూర్చున్నాడు. సారుకి మాత్రం అందరూ ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. జేబులో స్కేలు సర్దుకున్నారు.

అధికారి నవ్వు ఆపుకుని, వెనక బెంచీ వైపు చూసింది. "గడ్డి కోసేది మీరేనా? ఒక్క మాట. మీకు తిన్నగా కోయడం వచ్చా అసలు?"

బావ లేచాడు. టోపీ రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"వచ్చండి," అన్నాడు. "ఖాళీ నేలయితే."

మూడు వారాల తర్వాత బస్టాపు గోడ మీద తీర్పు అంటించారు. ఆకుపచ్చ రంగు అలాగే ఉంటుంది. కంపెనీ వాళ్లు తెర చుట్టుకుని వెళ్లిపోయారు. జనం బావని భుజాల మీద ఎత్తుకుందామని చూశారు గానీ, ఆయన మిషన్ దిగితే కదా! ఆ పొద్దున పిట్టలు దిగాయి. ఎక్కడెక్కడ దిగాయో చూసుకుంటూ, ఆగుతూ, తిరుగుతూ, మెలికలు పోతూ కోస్తున్నాడు. మూడో అంతస్తు కిటికీలోంచి నేను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. అన్నేళ్లూ వంకర గీతలు అనుకున్నవి చేతిరాతలా కనిపించాయి. నేను కాగితం మీద రాసింది చదివాను గానీ, నేల మీద రాసింది చదవలేదు.

పక్కన ఎవరో దగ్గారు. స్కేలు సారు.

"టైపు చెయ్యవయ్యా," అన్నారు. "మెమో. వాగు గట్టు దగ్గర పెద్ద గుండ్రం వదిలేశాడు."

"సార్! ఇంకా మెమోనా? విచారణ అయిపోయింది కదా!"

"పదిహేనేళ్ల తర్వాత ఇంకో కంపెనీ వస్తుంది," అన్నారు, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "ఫైలు ఆగకూడదు."

టైపు చేశాను. ఆ మధ్యాహ్నమే జవాబు వచ్చింది. కాంటీన్లో కుర్చీ ఎక్కి, ముందు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాను. కింద పంపు చప్పుడు ఆగింది. గొంతు సవరించి, అరవై రెండోది చదివాను.

"చోటు: వాగు గట్టు. కారణం: విచారణ చేసిన అమ్మగారు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, గడ్డిలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేవబోయారు. వద్దని చెయ్యి ఊపి, నేనే పక్కకి తిరిగాను."